గుంపు నెంబరు 4117

రాజోలు మండలాఫీసు వెనక గదిలో
టకటకమనే ఫ్యాను కింద నేనూ, పదకొండు జాబితాలూ.
రేషనుది, పింఛనుది, వరద సాయానిది,
ఆసుపత్రి చీటీలవి, ఉపాధి మస్తర్లు,
కొబ్బరిపీచు మిల్లు గుమస్తా ఇచ్చిన నూనె మరకల చిట్టా.
ఎవరు ఎవరో తేల్చమన్నారు.
రెండు లక్షల పేర్లు. నెలాఖరుకి.

మనిషికి పేరు ఒకటే అనుకునేవాళ్ళు
ఎప్పుడూ జాబితా చదివుండరు.
గెడ్డం సత్తెమ్మ, జి. సత్యవతి, గడ్డం సత్యమ్మ,
చిట్టాలో ఉత్తి సత్తి,
వరదప్పుడు పడవలో తడుస్తూ రాసిన కాగితంలో
"పిల్లోడి తల్లి, ఏటిగట్టు."
పుట్టినరోజు మాత్రం అందరికీ జనవరి ఒకటి.
ఆ ఒక్క రోజున మంత్రసానులు ఎంత అలిసిపోయారో!

ప్రోగ్రాముకి అక్షరాల మధ్య దూరం తెలుసు.
"త్తె"కీ "త్య"కీ ఎన్ని అడుగులో కొలుస్తుంది.
ఇంటి నెంబరు కలిస్తే కాస్త దగ్గరికి జరుపుతుంది,
ఫోను నెంబరు కలిస్తే ఒళ్ళో కూర్చోబెడుతుంది.
మొదటి వారం డీలరు ఫోను నెంబరు నమ్మి
నలభై మందిని ఒకే మనిషిని చేసేసింది.
ఆ మనిషికి ఇరవై ఏళ్ళు, ఎనభై ఏళ్ళు,
మూడు కాన్పులు, ఒక మీసాల ఫొటో.
నవ్వుకుంటూ విడదీశాను.

4117 దగ్గర నవ్వు రాలేదు.

సరెళ్ళ మంగాయమ్మ, పింఛను జాబితా.
సరెళ్ళ మార్తమ్మ, వరదలో చర్చిలో తలదాచుకున్నవాళ్ళకి
పాస్టరుగారు రాసిపెట్టిన పుస్తకం.
పేర్లు రెండూ ఆమడ దూరం.
అయినా దొరికిపోయింది:
ఇంటి నెంబరు, మనవరాలు సుహాసిని,
మోకాళ్ళ మాత్రలు తీసుకున్న బుధవారం.
నూటికి తొంభై ఒకటి, ఒకే మనిషి అంది.
"కలుపు" అన్న బొత్తాం పచ్చగా వెలిగింది.

మతం గడి చూశాను.
ఒకచోట ఒకటి. ఇంకోచోట ఇంకోటి.
వేలు వెనక్కి తీసుకున్నాను.

ఆదివారం పడవ దాటి లంకకి వెళ్ళాను.
ఆవిడ గుమ్మంలో కూర్చుని పీచు దులుపుతోంది,
కనుబొమ్మల మీద కూడా గోధుమరంగు నుసి.
పేరు అడిగితే, తల ఎత్తకుండానే,
"ఏ పేరు చెప్పమంటారమ్మా?" అంది.

"మంగాయమ్మ పేరు మీద మనవరాలి నర్సింగు సీటుందండి.
మార్తమ్మ పేరు మీద నా సమాధికి ఆరడుగులున్నాయండి.
రెండూ కలిపేస్తే ఏది పోద్దో
మీ మిషను చెప్పుద్దాండి?"

నేనేం చెప్పను.
గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చింది.
"ధవళేశ్వరం దాటాక గోదారికెన్ని పేర్లండీ,
వశిష్ఠ అంటారు, వైనతేయ అంటారు,
దాన్నెవడూ కార్డు చూపించమనడు. ఆయ్."
అని, మళ్ళీ పీచు అందుకుంది.

విడదీయాలంటే కారణం రాయాలి, నూరక్షరాల్లోపు.
"ఇద్దరూ వేరు. వెళ్ళి చూశాను" అని రాశాను.
వెళ్ళింది నిజం. చూసిందీ నిజం.
మధ్యలో ఎక్కడో అబద్ధం ఉంది,
ఏ అక్షరంలో ఉందో నాకూ తెలీదు.

ప్రోగ్రాము రాత్రి రెండింటికి మళ్ళీ మొదటినించీ నడుస్తుంది.
నేను రాసిన కారణం చదవదు, లెక్క ఒకటే చదువుతుంది.
పొద్దున్నే వచ్చేసరికి
మంగాయమ్మా మార్తమ్మా ఒకే గీత మీద,
ఒకే చీర చెంగు కప్పుకున్నట్టు.
టీ చల్లారేలోపు విడదీస్తాను.
మర్నాడు మళ్ళీ.

నా జీతం కలిపిన గుంపుకి ఇంత అని.
విడదీసినదానికి లెక్క లేదు.
కాంట్రాక్టు ముప్పయ్యో తారీకుదాకా.
ఇవాళ ఇరవై ఆరు.